ఏడంగుళాల గొట్టం

థర్మన్ కెల్సో కొట్లోంచి బయటికెళ్ళే ప్రతి తుపాకీకీ ఒక కాగితపు టేపు ముక్క అంటించి ఉండేది. దాని మీద పెన్సిలుతో రాసిన రెండు అంకెలు. ఒకటి గొట్టం పొడవు, రెండోది అందులోంచి గుండు బయటికొచ్చే వేగం. మిగతా కొట్ల వాళ్ళు గుళ్ళ పెట్టె మీద అచ్చేసిన అంకెనే అప్పజెప్పేవాళ్ళు. థర్మన్ మాత్రం షెడ్డు వెనక స్టూలు మీద వేగం కొలిచే పెట్టె పెట్టి, మట్టికట్టలోకి ఐదుసార్లు కాల్చి, సరాసరి తీసి మరీ రాసేవాడు. కాల్చే ముందు చెవుల్లో స్పాంజి బిరడాలు, వాటి పైన దళసరి చెవికప్పులు. భోజనానికి ముందు చేతులు కడుక్కున్నట్టు, ఆ రెండూ లేనిదే మీట మీద వేలు పెట్టేవాడు కాదు. ఆ టేపు మీద మూడో అంకె కూడా ఒకటి ఉండాల్సిందని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది. దాని ఖరీదు తొమ్మిది నెలల మనవరాలి మీద పడింది.

చెవుల విషయంలో అతని జాగ్రత్తంతా దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగిన బాపతు. సైన్యంలో నాలుగేళ్ళు తుపాకులు బాగుచేసినప్పుడు చెవుల్లో సిగరెట్టు ముక్కలు కుక్కుకునేవాళ్ళు. ముప్పయ్యేళ్ళకి కీచురాళ్ళు వినపడటం మానేశాయి. నలభయ్యేళ్ళకి భార్య ఆర్డిస్ వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. "పలక్కపోతే పోయావు, కనీసం ఇటు చూడు," అనేది ఆమె. అలా మనుషుల మొహాలు చూడటం అలవాటైంది. ఆర్డిస్ పోయి ఆరేళ్ళయింది. అరవై రెండేళ్ళ థర్మన్‌కి మిగిలింది కూతురు డార్సీ, చెవిలో రాత్రీ పగలూ ఆగని ఒక జోరీగ.

పొట్టి తుపాకులంటే అతనికి మొదట్లో గిట్టేది కాదు. రైఫిలు తూటాయే, కానీ గొట్టం ఏడంగుళాలు. భుజానికి ఆనించే కర్ర ఉండదు కాబట్టి చట్టం దాన్ని పిస్తోలు కింద లెక్కేస్తుంది. పొడుగు తుపాకీ గొట్టం పొట్టిగా కోస్తే కావాల్సిన అనుమతి కాగితాలేవీ దీనికి అక్కర్లేదు. వయోమింగు రాష్ట్రంలో ఆ పక్క పశువులు కాసేవాళ్ళంతా వాటి వెంట పడ్డారు. ట్రక్కు తలుపు సందులో ఇముడుతుంది. ట్రాక్టరు క్యాబులో మోకాలికి తగలదు. దూడలు పుట్టే రోజుల్లో కంచె దగ్గర కొయోట్లు, ఆ నక్కలాంటి అడవి కుక్కలు, తచ్చాడుతుంటే కిటికీలోంచి చటుక్కున తీయొచ్చు.

"అది తుపాకీ కాదు, గొంతు నులిమిన రైఫిలు," అన్నాడు థర్మన్ ఓ రోజు, లైల్ బార్టెల్‌తో. లైల్ పక్క పశువుల ర్యాంచి వాడు, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. "ఆ తూటాలో మందు కూర్చింది ఇరవై అంగుళాల గొట్టం కోసంరా. అంత దూరమూ మండుతూ, తోస్తూ ఉంటేనే గుండు సెకనుకి మూడు వేల రెండొందల అడుగులు పోతుంది. నువ్వేమో ఏడంగుళాలకే తలుపు తెరిచేశావు. గుండు ముందే బయటికి దూకుతుంది. మండాల్సిన మందు దాని వెనకే గాల్లోకొచ్చి మండుతుంది."

"అయితే ఏం? చలికాలం చేతులు కాచుకోవచ్చుగా," అన్నాడు లైల్.

"మీసాలు కూడా కాల్తాయి."

"నా మీసాల మీద మా ఆవిడకి ఎప్పటి నుంచో కన్నుంది. చెయ్యరా బాబూ ఒకటి."

చేశాడు. కొలిచాడు. టేపు మీద రాశాడు: ఏడు, రెండు వేల రెండొందల అరవై. దాదాపు మూడో వంతు వేగం గాలికి పోయింది. అది ఉత్త అంకె కాదని థర్మన్‌కి తెలుసు. ఆ సన్న గుండు జోరుగా పోయి తగిలితేనే లోపల తిరగబడి, చిట్లి, పని ముగిస్తుంది. జోరు తగ్గితే దబ్బనంలా ఇటు నుంచి అటు దూరిపోతుంది. లైల్‌కి చెప్పాడు కూడా. "యాభై గజాల్లోపు కొట్టు. మెత్తని ముక్కు గుండు వాడు. ఒక్కదానికే పడుతుందనుకోకు." చెప్పాల్సినవన్నీ చెప్పాననుకున్నాడు.

డార్సీ ఇల్లు ముప్పై మైళ్ళ అవతల. భర్త ట్రెంట్ చమురు బావుల దగ్గర మూడు వారాలు పని, ఒక వారం ఇల్లు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో డార్సీ, పాప ఓపల్, కంచెలో నలభై ఆవులు. చుట్టుపక్కల మరో దీపం కనపడదు. వెనక తలుపు లోపల బూట్లు విప్పుకునే చిన్న గది, అక్కడే బట్టలుతికే మిషను. గది వెడల్పు మూడంగలు వేస్తే అయిపోతుంది. ఆ గుమ్మం పైన రెండు మేకుల మీద పాత ఇరవై రెండు నంబరు రైఫిలు ఉండేది, డార్సీకి పదేళ్ళు నిండినప్పుడు థర్మన్ ఇచ్చింది. కాలిస్తే రెండు అరచేతులు గట్టిగా చరిచినంత చప్పుడు.

"ఒక చంకలో ఓపల్, ఒక చేతిలో పాలసీసా. ఆ పొడుగుది దించడానికి మూడో చెయ్యెక్కడి నుంచి తేను నాన్నా?" అంది డార్సీ మార్చిలో. ఆ వారమే గేటు దగ్గర డీజిలు ఎవరో తోడుకుపోయారు.

మూడో చెయ్యి అన్న మాట థర్మన్ బుర్రలో ఉండిపోయింది. వారం రోజులు కూర్చుని ఏడంగుళాలది ఒకటి చేశాడు. వెనక ముంజేతికి బిగించుకునే పట్టీ, దానివల్ల ఒంటిచేత్తోనే నిలుస్తుంది. అంకెలు నొక్కితే తెరుచుకునే పెట్టెలో పెట్టి, ఆ చిన్న గదిలో పై అరకు బిగించాడు. పాత రైఫిలు మేకుల మీంచి దించాడు.

"అదెందుకు పట్టుకెళ్తావు? ఉండనీ," అంది డార్సీ.

"రెండుంటే కంగారులో ఏది తియ్యాలో తోచదమ్మా. ఒకటే ఉండాలి."

ఆమె కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మరీ గట్టిగా పేలుతుందంటారు కదా. ఇంట్లో కాలిస్తే?"

"జింకను కొట్టావు కదా, ఎన్నిసార్లు?"

"తొమ్మిదో, పదో."

"ఒక్కసారైనా చప్పుడు విన్నావా?"

డార్సీ ఆలోచించింది. నిజమే, వినలేదు. ఆ ప్రాంతంలో వేటకెళ్ళే ఎవర్నడిగినా అదే చెప్తారు. ప్రాణం మీద గురి పెట్టినప్పుడు చప్పుడు వినపడదు, భుజం కూడా నొప్పెట్టదు. తాత చెప్తాడు, తండ్రి చెప్తాడు, మొదటి జింక కొట్టినప్పుడు పిల్లలకి స్వయంగా తెలుస్తుంది. థర్మన్ కూడా దాన్ని నమ్మాడు. వినపడకపోవడం వేరు, చెవిలోకి పోకపోవడం వేరు అన్న తేడా అతనికి ఆ క్షణాన తట్టలేదు. కాల్చేవాళ్ళ చంకలో కాల్చని మనిషి ఉంటుందన్నదీ తట్టలేదు. అసలు ఆ తుపాకీ ఎలా మోగుతుందో ఒట్టి చెవులతో అతనెప్పుడూ వినలేదు. విన్నదల్లా బయలు గాలిలో, బిరడాల పైన కప్పులేసుకుని.

ఏప్రిల్ రెండో వారం, మధ్యాహ్నం నాలుగు గంటలు. డార్సీ ఓపల్‌ని ఎడమ చంకనేసుకుని ఉతికిన బట్టలు తియ్యడానికి చిన్న గదిలోకి వచ్చింది. గాలికి బయటి తలుపు తెరుచుకుని ఉంది. బూట్ల మధ్య కొయోట్ నిలబడి ఉంది. తల ఒక పక్కకి వాలిపోయి, దవడ జారి, జొల్లు తాళ్ళలా వేలాడుతోంది. మనిషిని చూసిన కొయోట్ పారిపోవాలి. ఇది మూలుగుతూ ముందుకొచ్చింది.

ఆమె చెయ్యి దానంతటదే పెట్టె మీదికి పోయింది. మొదటి గుండు దాని పక్కటెముకల్లోంచి దూరి, గోడలోంచి దూరి, పెరట్లో నీళ్ళ తొట్టికి చిల్లు పెట్టింది. కొయోట్ ఆగలేదు. రెండోది నేలకి తగిలింది. మూడోది మెడలో తగిలితే ఆమె బూటు మీదే పడింది.

థర్మన్ వెళ్ళేసరికి డార్సీ మెట్ల మీద కూర్చుని ఉంది. పాప ఒళ్ళో నిద్రపోతోంది.

"కరిచిందా?" అన్నాడు. ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"లేదు. ఇద్దరం బానే ఉన్నాం." ఆమె పాప తల మీద చెయ్యి వేసింది. "నువ్వన్నట్టే నాన్నా. చప్పుడే వినపడలేదు. చెవుల్లో ఏదో గుయ్యిమంటోంది, అంతే."

"పాప?"

"గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత ఒక్కసారిగా నిద్రపోయింది. గంటకు పైగా ఇంతే."

కొయోట్ తలను మంచుపెట్టెలో పెట్టి రాష్ట్రం ల్యాబుకి పంపారు. పిచ్చిదేనని జవాబొచ్చింది. ఆ మాట విన్న రోజు థర్మన్ ఊళ్ళో ఫలహారశాలలో కూర్చుని, జన్మలో ఎన్నడూ లేనంత సేపు మాట్లాడాడు. ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో తుపాకీ, మూడంగల గది, పిచ్చి కొయోట్. కాఫీ పోసే ఆవిడ కూడా కెటిల్ పట్టుకుని నిలబడి వింది.

"నువ్వే కదరా దాన్ని గొంతు నులిమిన రైఫిలన్నావు," అన్నాడు లైల్.

"అన్నాను. ఇప్పుడు నా మాట నేనే తినేశాను."

"ఉప్పేసుకుని తిన్నావా, ఉత్తదే తిన్నావా?"

అందరూ నవ్వారు. ఆ వారంలోనే ఐదుగురు తమకూ అలాంటిదే కావాలన్నారు. అందులో ఇద్దరికి పసిపిల్లలున్నారు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం థర్మన్ కూతురింటికి వెళ్ళాడు. ఓపల్ తివాచీ మీద వీపు ఇటు పెట్టి కూర్చుని, చెక్కదిమ్మలు నోట్లో పెట్టుకుంటోంది. డార్సీ వంటింట్లోంచి, "ఓపల్, ఎవరొచ్చారో చూడు," అని పిలిచింది. పాప కదల్లేదు. ఆటలో ఉందనుకుంది డార్సీ. థర్మన్ అనుకోలేదు. అతను రెండడుగులు వేశాడు. చెక్కనేల కదిలింది. పాప చటుక్కున తిరిగి నవ్వింది. నవ్వుతూ అతని కళ్ళలోకి చూడలేదు, నోటి కేసి చూసింది.

ఆ చూపు అతనికి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా అద్దంలో చూస్తున్నది అదే.

డార్సీ బయటికెళ్ళాక చెంచా తీసుకుని, పాప వెనక చేరి, గిన్నె మీద కొట్టాడు. కుడి పక్క కొడితే కొంచెం ఆగి తిరిగింది. ఎడమ పక్క కొడితే దిమ్మ చప్పరిస్తూనే ఉంది. గట్టిగా కొట్టాడు. తనకే వినిపించింది, పాపకి లేదు.

డార్సీ తిరిగొచ్చింది. "ఏంటి, గిన్నెలు వాయిస్తున్నావు?"

"ఆడిస్తున్నా," అన్నాడు.

ఆ మాటతో ఇల్లు చేరి ఆరు రోజులు నోరు విప్పలేదు. జలుబు చేస్తే చెవుల్లో నీరు చేరుతుంది, అదే అయ్యుంటుందనుకున్నాడు. పళ్ళొస్తున్నాయి, అందుకే చిరాగ్గా ఉందనుకున్నాడు. రోజూ షెడ్డులో కూర్చుని ఆ ఐదుగురి గొట్టాలకి మర తిప్పుతూనే ఉన్నాడు. ఏడో రోజు ఒక గొట్టం చేతిలో పట్టుకుని, మిగతా లెక్క చేశాడు. మందు పూర్తిగా మండకపోతే ఆ శక్తంతా ఎక్కడికి పోయింది? మంట కింద కొంత. మిగతాది చప్పుడు. అది బయలు గాలిలో పరుచుకుని పలచబడుతుంది. మూడంగల గదిలో కాంక్రీటు నేల, రేకు మిషను, చెక్క గోడ. పోయే దారి లేక కొట్టుకుని కొట్టుకుని వెనక్కి వస్తుంది. ఎడమ చంకలో ఉన్న బిడ్డ తల్లి వైపు తిరిగి ఉంటుంది. అప్పుడు ఎదుటికి ఉండేది ఎడమ చెవి. గొట్టం మూతికి రెండడుగులు కూడా లేదు. ఇరవై అంగుళాల రైఫిలైతే ఆ మూతి మరో అడుగు దూరం పోయేది. మూడుసార్లు.

ఈ లెక్కలో అతనికి తెలియంది ఒక్కటీ లేదు. తెలిసినవాటినే ఒకచోట పెట్టుకోలేదు, అంతే.

ట్రక్కు తీసుకుని నేరుగా వెళ్ళాడు. డార్సీ కంచె దగ్గర మేత వేస్తోంది.

"పాపకి వినపడటం లేదమ్మా," అన్నాడు. ఎలా మొదలెట్టాలో దారంతా ఆలోచించాడు గానీ నోట్లోంచి అదే వచ్చింది.

డార్సీ బకెట్టు కింద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఆదివారం."

"ఇవాళ శనివారం నాన్నా."

ఆమె బకెట్టు ఎత్తి మిగిలిన మేత వేసేసి, ఇంట్లోకెళ్ళి ఫోను అందుకుంది.

పెద్ద ఆసుపత్రికి నాలుగు గంటల దారి. పరీక్ష చేసినామె పేరు హేగన్. మెత్తటి గోడల గదిలో డార్సీ ఒళ్ళో పాపని కూర్చోబెట్టింది. రెండు పక్కలా నల్లద్దాల వెనక బొమ్మ ఎలుగుబంట్లు. చప్పుడు వినపడ్డ వైపు పాప తిరిగితే అక్కడి ఎలుగుబంటి వెలిగి డప్పు వాయిస్తుంది. థర్మన్ అద్దం అవతల కూర్చుని చూశాడు. కుడి ఎలుగుబంటి చాలాసార్లు వెలిగింది. ఎడమది చీకట్లోనే ఉండిపోయింది. తర్వాత పాప నిద్రలో ఉండగా తలకి తీగలు అంటించి మళ్ళీ చూశారు.

హేగన్ కాగితం మీద రెండు గీతలు గీసి చూపించింది. కుడి చెవి గీత కొంత దూరం బాగానే పోయి, సన్న శబ్దాల దగ్గర కిందికి వంగింది. ఎడమది మొదలవుతూనే మెట్లు దిగి అడుక్కి పోయింది.

"తిరిగొస్తుందా?" అని అడిగింది డార్సీ.

"చెవి లోపల శబ్దం పట్టే సన్న వెంట్రుకలు ఒకసారి విరిగితే మళ్ళీ మొలవవు. కుడి పక్క యంత్రం పెడదాం. మాటలొస్తాయి. 'స', 'ఫ' లాంటివి నేర్పాల్సి ఉంటుంది."

"యంత్రమెప్పుడు పెడతారు?"

"చెవి అచ్చు తీసి పంపాలి. ఓ నెల పట్టొచ్చు." హేగన్ థర్మన్ వైపు తిరిగి, కావాలనే నెమ్మదిగా, పెదాలు కదిపి అడిగింది. "మీరెప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?"

ఎప్పుడూ చేయించుకోలేదు. ఎందుకు ఒప్పుకున్నాడో గానీ ఒప్పుకుని ఆ గదిలో కూర్చున్నాడు. పావుగంట తర్వాత ఆమె అతని కాగితం పాప కాగితం పక్కన పెట్టింది. అతని ఎడమ చెవి గీత, ఓపల్ ఎడమ చెవి గీత కొద్దిపాటి తేడాతో ఒకే మెట్ల మీంచి దిగుతున్నాయి. అతనికి నలభయ్యేళ్ళు పట్టింది. పాపకి నాలుగు సెకన్లు.

ఆసుపత్రి బయట ట్రక్కులో కూర్చున్నాక డార్సీ తాళం పెట్టింది గానీ తిప్పలేదు.

"అది కరిచుంటే ఇవాళ దీన్ని పాతిపెట్టి వచ్చేవాళ్ళం," అంది.

"అవును."

"మళ్ళీ ఆ గదిలో ఉంటే మళ్ళీ కాలుస్తాను."

"కాల్చాలి."

"ఒకటి చెప్పు. అబద్ధం చెప్పకు." ఆమె మొహం పూర్తిగా అతని వైపు తిప్పింది, పెదాలు కనపడేలా. "నువ్వు పట్టుకెళ్ళిన పాత రైఫిలు ఆ మేకుల మీదే ఉండుంటే ఇలా అయ్యేదా?"

లేదు అనడానికి థర్మన్‌కి చాలాసేపు పట్టలేదు. రెండు అరచేతులు చరిచినంత చప్పుడు. మూడడుగుల దూరంలో ఒక కొయోట్‌కి అది చాలు. పొడుగ్గా ఉంది, ఒంటిచేత్తో తడబడేది, ఒక్క క్షణం ఆలస్యమయ్యేదేమో. ఆ క్షణంలో ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. కానీ ఆమె అడిగింది అది కాదు.

"అయ్యేది కాదు," అన్నాడు.

డార్సీ తల ఊపి తాళం తిప్పింది. నాలుగు గంటల దారిలో మరి మాట్లాడలేదు. అతనికి వినపడదు కాబట్టి మాట్లాడాలంటే మొహం తిప్పాలి. ఆమె రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

ఆ ఐదుగురికీ కబురు పెట్టాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కాగితం చూపించి, జరిగింది చెప్పాడు. పసిపిల్లలున్న ఇద్దరిలో ఒకడు వద్దన్నాడు. రెండోవాడు, "నేను ట్రక్కులోనే పెట్టుకుంటాలే," అన్నాడు.

"ట్రక్కు ఆ గదికంటే చిన్నది," అన్నాడు థర్మన్.

"అద్దాలు దించుతా."

"పిచ్చిది వచ్చినప్పుడు అద్దాలు దించే వేళ ఉంటుందా?"

వాడు వినలేదు. చెయ్యకపోతే ఇంకో కొట్టుకి పోతానన్నాడు, పోయాడు. లైల్ తనది వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టి, ఈసారి ఏ జోకూ వెయ్యకుండా, "పదహారంగుళాలు చెయ్యగలవా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి టేపు మీద థర్మన్ మూడో అంకె కోసం ఒక గీత గీసి ఖాళీగా వదిలేసేవాడు. చప్పుడు కొలిచే పరికరం అతని దగ్గర లేదు. ఆ ఖాళీ ఏమిటని అడిగినవాళ్ళకి చెప్పేవాడు. అడిగేవాళ్ళు తక్కువే.

జూన్లో ఒక పొద్దున పాత రైఫిలుకి నూనె పట్టించి కూతురింటికి తీసుకెళ్ళాడు. అరలో పెట్టె విప్పేశాడు. ఖాళీ మేకుల మీద రైఫిలు పెట్టాడు. మేకులు కొంచెం వదులయ్యాయి, సుత్తితో బిగించాడు. గోడలో గుండు చేసిన చిల్లుకి ట్రెంట్ అప్పటికే లప్పం కూరాడు. డార్సీ గుమ్మంలో నిలబడి చూసింది. బావుందనలేదు, వద్దనలేదు. కాఫీ కప్పు తెచ్చి మిషను మీద పెట్టి లోపలికెళ్ళింది.

సుత్తి దెబ్బలకి ఇంట్లో ఎవరైనా ఉలిక్కిపడాలి. ముందుగదిలో ఓపల్ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. కుడి చెవి యంత్రం ఇంకా రాలేదు. థర్మన్ గుమ్మం దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవబోయి, ఆగాడు. బూటు మడమతో చెక్కనేల మీద రెండుసార్లు తట్టాడు.

పాప తిరిగి చూసింది. రెండు చేతులూ చాచింది.